చెంప మీద మూడు సెంటీమీటర్లు: ముఖం మీది గాయాన్ని కాగితం ఎలా రాస్తోంది?

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ఒక దాడి కేసు విచారణకు వచ్చేసరికి దెబ్బలు తిన్న మనిషి ముఖం మీద వాపు ఉండదు. రక్తం ఉండదు. కుట్లు ఎప్పుడో తీసేసి ఉంటారు. జడ్జి ముందుకు వచ్చేది గాయం కాదు, గాయం గురించి రాసిన కాగితం. దాన్నే అందరూ వూండ్ సర్టిఫికెట్ అంటారు. అర్ధరాత్రి క్యాజువాలిటీలో, వెనక ఇంకా పది మంది ఎదురుచూస్తుండగా, డ్యూటీ డాక్టరు నాలుగైదు నిమిషాల్లో రాసిన కాగితం అది. కేసు నిలబడేదీ కూలిపోయేదీ చాలాసార్లు దాని మీదే.

దళితుల మీద జరిగిన దాడుల కేసు కాగితాలు చదువుతున్నప్పుడు మాకు పదే పదే ఎదురయ్యే వాక్యం ఒకటుంది: ‘ముఖం మీద పలు చీలిన గాయాలు, సాధారణ స్వభావం.’ పలు అంటే ఎన్ని? ముఖం మీద ఎక్కడ? ఎంత పొడవు, ఎంత లోతు? దేనితో కొడితే అయినవి? ఆ వాక్యంలో వీటికి జవాబు ఉండదు. రెండేళ్ళ తర్వాత డాక్టరు సాక్ష్యానికి వచ్చినా ఆయనకు ఆ మనిషి గుర్తుండడు. తాను రాసిన కాగితం చూసే చెప్పాలి. కాగితంలో లేనిది కోర్టులో లేనట్టే.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశమంతటా ఎస్సీల మీద నేరాల కింద 57,582 కేసులు నమోదయ్యాయి. అందులో 18,428 కేసులు ‘సాధారణ గాయం’ శీర్షిక కింద ఉన్నాయి. అంటే నూటికి 32. ఇవన్నీ నిజంగానే చిన్న దెబ్బలా? కొన్ని అయ్యుండొచ్చు. అయితే ఒక దెబ్బను సాధారణమని రాయడానికి ముందు ఎంత జాగ్రత్తగా చూశారన్నది ఆ లెక్కలో కనిపించదు. అందుకే ముఖం మీది గాయాన్ని ఎలా రాయాలి, ఎలా రాస్తున్నారు, ఆ రాతకు చట్టంలో ఎంత విలువ ఉంది అన్నది మనం తెలుసుకోవాలి. ఇది డాక్టర్లకూ లాయర్లకూ మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఒక్క మాటకు ఎన్నేళ్ళ తేడా

2024 జులై 1 నుంచి ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత 320 సెక్షన్ ఇప్పుడు 116. ‘తీవ్ర గాయం’ అంటే ఏమిటో అది ఎనిమిది రకాలుగా చెబుతుంది. అందులో మూడు నేరుగా తలకూ ముఖానికీ సంబంధించినవి: ఒక కంటి చూపు శాశ్వతంగా పోవడం, ఒక చెవి వినికిడి శాశ్వతంగా పోవడం, తల లేదా ముఖం శాశ్వతంగా వికృతం కావడం. మరొకటి ఎముక గానీ పన్ను గానీ విరగడం లేదా స్థానం తప్పడం. ముక్కు ఎముక, దవడ, చెంప ఎముక, ముందు పళ్ళు అన్నీ దీని కిందికే వస్తాయి. ఎనిమిదోది ప్రాణాపాయం కలిగించే గాయం, లేదా 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉండడం, లేదా అన్నాళ్ళు రోజువారీ పనులు చేసుకోలేకపోవడం. పాత చట్టంలో ఇది 20 రోజులు.

దీన్నిబట్టి శిక్షలు మారిపోతాయి. సాధారణ గాయం చేస్తే 115(2) కింద గరిష్ఠంగా ఏడాది జైలు. తీవ్ర గాయమైతే 117(2) కింద ఏడేళ్ళ దాకా. ప్రమాదకరమైన ఆయుధంతో సాధారణ గాయం చేస్తే 118(1) కింద మూడేళ్ళ దాకా. అదే ఆయుధంతో తీవ్ర గాయం చేస్తే 118(2) కింద కనీసం ఏడాది నుంచి పదేళ్ళ దాకా, లేదా యావజ్జీవం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దగ్గరకు వస్తే ఈ తేడా ఇంకా పెద్దది. బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ అని తెలిసి, పదేళ్ళు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరం చేస్తే సెక్షన్ 3(2)(వి) కింద యావజ్జీవ శిక్ష. అంతకన్నా తక్కువ శిక్ష ఉండి, చట్టం చివరి షెడ్యూలులో ఉన్న నేరమైతే 3(2)(విఎ) కింద మామూలు శిక్షే, దానితో పాటు జరిమానా. ఈ రెండో క్లాజును 2015 సవరణ చేర్చింది. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. కత్తితో చెంప కోసిన కేసు ఈ రెండింటిలో దేని కిందికి వెళ్తుంది? ఆ మచ్చ ముఖాన్ని శాశ్వతంగా వికృతం చేసిందా లేదా అన్న వైద్య అభిప్రాయం మీద అది చాలా వరకు ఆధారపడుతుంది. డాక్టరు రాసే ఒక్క మాటకు మూడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా తేడా వస్తుంది.

పరిహారానిదీ ఇదే దారి. 2016లో సవరించిన నిబంధనల పట్టికలో యాసిడ్ దాడి బాధితుల విషయంలో ముఖానికి ప్రత్యేక స్థానం ఉంది. ముఖం మీద కాలిన గాయం 2 శాతం దాటినా, కన్ను, చెవి, ముక్కు, నోరు సరిగా పనిచేయకపోయినా 8,25,000 రూపాయలు. ముఖం కాకుండా శరీరం మీద 10 శాతం లోపు కాలితే 85,000 రూపాయలు. కాగితంలో ‘ముఖం’ అన్న మాట, దాని పక్కన శాతం లేకపోతే ఈ రెండు అంకెల మధ్య నష్టపోయేది బాధితురాలే.

ఇంకో చిక్కు కూడా ఉంది. 15 రోజులు పనికి పోలేకపోతే తీవ్ర గాయం అన్నది వినడానికి న్యాయంగానే ఉంటుంది. రోజు కూలీ మీద బతికే మనిషి పెదవి చీలినా, దవడ వాచినా నాలుగో రోజుకే అడ్డా మీద నిలబడతాడు. నిలబడకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ‘నాలుగో రోజే పనికి వెళ్ళాడు కదా’ అని అవతలి లాయరు అడుగుతాడు. నెల జీతం ఉన్నవాడికి సెలవు పెట్టే వీలుంది, ఆ సెలవే సాక్ష్యమవుతుంది. ఇక్కడ పేదరికమే గాయాన్ని చిన్నది చేస్తోంది. అయితే అదే క్లాజులో ‘15 రోజుల తీవ్ర నొప్పి’ అన్నది విడిగా ఉంది. పనికి వెళ్ళినా నొప్పి ఉండొచ్చు. ఆ నొప్పికి మందులు రాసిన ఓ.పి. చీటీలు ఉంటే ఆ వాదనకు బలం వస్తుంది.

ఇదే నగరంలో ఇంకో రాత

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికేవాళ్ళకు ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠ్యపుస్తకాలూ, మెడికల్ కోడింగ్ పుస్తకాలూ ఒకే కుప్పలో తగులుతుంటాయి. రెండూ గాయాల గురించే. రెండింటికీ హైదరాబాద్‌లో చదువరులున్నారు. లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్ చదివిన మన పిల్లలు ఎంతో మంది కోడింగ్ కోర్సు చేసి అమెరికా ఆస్పత్రుల బిల్లుల పని చేస్తున్నారు.

ఆ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. అమెరికాలో ఒకరికి కుడి చెంప చీలింది, ఎమర్జెన్సీలో కుట్లు వేశారు. ఇక్కడ కూర్చున్న కోడర్ డాక్టరు రాసిన నోట్స్ చదివి గాయానికి ఎస్01.411ఎ అనే కోడ్ వేస్తారు. అందులో ‘ఎస్01’ అంటే తల మీద తెరుచుకున్న గాయం. తర్వాతి ‘4’ అంటే చెంప, దవడ కీలు ప్రాంతం. ఆ తర్వాతి అంకెలు గాయం చీలినదనీ, లోపల మట్టి, గాజు వంటివి లేవనీ, కుడి వైపనీ చెబుతాయి. చివరి ‘ఎ’ అంటే ఇంకా చికిత్స నడుస్తోందని. గాయం మానాక మచ్చ మిగిలితే దానికీ ఒక అక్షరం ఉంది, ‘ఎస్’. ఎడమ చెంపకు వేరే కోడ్, పెదవికి వేరే, కనురెప్పకు వేరే.

కుట్లకు ఇంకో కోడ్. ముఖం మీద మామూలు కుట్టు 2.5 సెంటీమీటర్ల లోపైతే 12011. 2.6 నుంచి 5 సెంటీమీటర్ల దాకా 12013. అదే కుట్టు చేతి మీదో తల చర్మం మీదో వేస్తే కోడ్ వేరు. రెండున్నరకూ మూడుకూ మధ్య డబ్బు తేడా ఉంది కనుక కొలత తప్పనిసరి. డాక్టరు కొలత రాయలేదనుకోండి. కోడర్ ఊహించి పెద్ద కోడ్ వేయకూడదు. అతి చిన్న కోడైనా వేయాలి, లేదా డాక్టరుకు ప్రశ్న పంపాలి. ఆ ప్రశ్నను కోడింగ్ భాషలో క్వెరీ అంటారు. ‘అయ్యా, గాయం పొడవు రాయలేదు. ఏ వైపో రాయలేదు. దయచేసి రాయండి’ అని. డాక్టరు జవాబు రాస్తేనే ఫైలు ముందుకు కదులుతుంది.

మరి వేల మైళ్ళ అవతలి చెంపను మిల్లీమీటర్ల దాకా కొలిచి రాయడం తెలిసిన నగరంలో, నాంపల్లి నుంచి క్యాజువాలిటీకి వచ్చిన కూలీ చెంప ‘పలు గాయాలు’గా ఎందుకు మిగిలిపోతోంది? చదువు లేక కాదు. అక్కడ కొలత లేకపోతే బీమా కంపెనీ డబ్బు ఇవ్వదు, అందుకని ఎవరో ఒకరు అడుగుతారు. ఇక్కడ కొలత లేకపోతే నష్టపోయేది దెబ్బలు తిన్న మనిషి మాత్రమే. అతని తరఫున క్వెరీ పంపేవాళ్ళు ఎవరూ లేరు.

ముఖం గురించి డాక్టరు ఏం చూడాలి?

వూండ్ సర్టిఫికెట్‌లో ప్రతి గాయానికీ విడిగా నంబరు ఉండాలి. ఏ రకం గాయమో రాయాలి: గీరుకున్నదా, కమిలినదా, చీలినదా, కోతా, పోటా. పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో ఉండాలి. చోటు చెప్పడానికి ‘ముఖం మీద’ సరిపోదు. ‘కుడి కంటి బయటి మూలకు 2 సెంటీమీటర్ల కింద’ అన్నట్టుగా ఒక గుర్తు నుంచి కొలిచి రాయాలి. రంగు, వాపు, గాయం ఎన్ని గంటల కిందటిది కావచ్చు, ఎలాంటి వస్తువుతో అయ్యుండొచ్చు, స్వభావం ఏమిటి అన్నవి కూడా ఉండాలి.

ముఖానికి కొన్ని ప్రత్యేకతలున్నాయి. కనుబొమ, చెంప ఎముక, గడ్డం దగ్గర చర్మం కిందే ఎముక ఉంటుంది. అక్కడ కర్రతోనో రాయితోనో కొట్టినా చర్మం కత్తితో కోసినట్టు నీటుగా చిట్లుతుంది. పైపైన చూస్తే కోత గాయం అనుకుంటారు. బాధితుడేమో ‘కర్రతో కొట్టారు’ అంటాడు. కాగితం మీద ‘పదునైన ఆయుధం’ అని ఉంటుంది. కోర్టులో ఈ రెంటికీ పొంతన కుదరక సాక్ష్యం బలహీనపడుతుంది. గాయం అంచులు నలిగాయా, లోపల కణజాలం పోగులు ఇంకా అతుక్కుని ఉన్నాయా, వెంట్రుకల కుదుళ్ళు చితికాయా అన్నది భూతద్దంతో చూస్తే తేడా తెలిసిపోతుంది. కుట్లు వేశాక అది చూడలేం. అందుకే కుట్లకు ముందే చూసి రాయాలి, ఫోటో తీయాలి.

పెదవి బయట మామూలుగా ఉన్నా లోపలి వైపు పళ్ళకు నొక్కుకుని చీలి ఉండొచ్చు. నోరు తెరిపించి చూడకపోతే ఆ గాయం నమోదు కాదు. ముక్కు ఎముక విరుగుడు మామూలు ఎక్స్‌రేలో తప్పిపోవచ్చు, వాపు ఉంటే పైకీ తెలియదు. కంటి చుట్టూ నలుపు కంటి మీద కొడితేనే రావాలని లేదు, నుదుటి మీది దెబ్బ నుంచి రక్తం కిందికి దిగినా వస్తుంది. అప్పుడు నుదురు కూడా చూసి రాయాలి.

చర్మం రంగు సంగతి కూడా చెప్పాలి. కమిలిన గాయం మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, ఆ తర్వాత ఆకుపచ్చగా, పసుపుగా మారి రెండు వారాల్లో పోతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తెల్ల చర్మం మీద కనిపించినంత స్పష్టంగా ఈ రంగులు నల్లటి చర్మం మీద కనిపించవు. కళ్ళతో మాత్రమే చూసే డాక్టరు ‘బాహ్య గాయాలు లేవు’ అని రాసేస్తారు. చేత్తో తాకి నొప్పి, వాపు, వేడి చూడాలి. కొన్ని కములు ఒకటి రెండు రోజుల తర్వాతే పైకి తేలతాయి కాబట్టి మళ్ళీ పరీక్షించాలి. ఎండలో పని చేసి నల్లబడ్డ ముఖాల విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

రాత అర్థం కావడం కూడా ముఖ్యమే. 2018లో అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచి చదవడానికి వీల్లేని గాయాల నివేదికలు రాసినందుకు ముగ్గురు డాక్టర్లకు తలా 5,000 రూపాయల జరిమానా వేసింది.

నాలుగు ఆస్పత్రుల మధ్య ఒక ముఖం

అబిడ్స్, నాంపల్లి చుట్టూ చూస్తే ఒక ముఖానికి కావలసినవన్నీ ఉన్నాయి, ఒక్కచోట తప్ప. రెడ్‌హిల్స్ వైపు నాంపల్లి ఏరియా ఆస్పత్రి ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి, అక్కడే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రి. చెవి, ముక్కు, గొంతుకు కోఠి ఈ.ఎన్.టి. ఆస్పత్రి. కంటికి మెహిదీపట్నం వైపు సరోజినీదేవి కంటి ఆస్పత్రి. ముఖం మీద పిడిగుద్దులు తిన్న మనిషికి పన్ను కదిలి, ముక్కు వంకరపోయి, చెవిలో హోరు వచ్చి, కన్ను మసకబారితే ఈ చోట్లన్నీ తిరగాల్సి రావచ్చు.

మొదటి డాక్టరు ‘దంత వైద్యుని అభిప్రాయం, ఎక్స్‌రే వచ్చాక చెబుతాను’ అని తుది అభిప్రాయం ఆపి ఉంచుతారు. అది సరైన పద్ధతే. ఆ తర్వాత ఏమవుతుందన్నదే ప్రశ్న. ఆ మనిషి మర్నాడు డెంటల్‌కు వెళ్ళలేడు. వెళ్ళినా అక్కడి చీటీ మొదటి డాక్టరుకు చేరదు. దర్యాప్తు అధికారి అడగకపోతే అభిప్రాయం ఆగిపోయి ఉంటుంది, లేదా ‘సాధారణం’గా ముగిసిపోతుంది. విరిగిన పన్ను చట్టం ప్రకారం తీవ్ర గాయం. ఫైలులో మాత్రం అది ఎక్కడా ఉండదు. పన్ను ముందే చిగుళ్ళ జబ్బుతో కదులుతోందా, దెబ్బకే కదిలిందా అని అవతలి పక్షం తప్పక అడుగుతుంది. దంత వైద్యుడి కాగితం లేకపోతే దానికి జవాబుండదు.

‘శాశ్వతంగా వికృతం’ అన్నదీ ఇలాంటిదే. మొదటి రోజు ఎవరూ అది చెప్పలేరు. కుట్లు మానాలి, మచ్చ కుదురుకోవాలి. నెలల తర్వాత మళ్ళీ పరీక్షిస్తేనే తెలుస్తుంది. అత్యాచారాల నిరోధక చట్టం కేసుల్లో 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలని నిబంధన 7 చెబుతోంది. బాధితులకు అది మంచి నిబంధనే. అయితే ఆ తొందరలో మొదటి రోజు కాగితమే చివరి మాటగా మిగలకుండా చూసుకోవాలి. తర్వాత వచ్చిన వైద్య అభిప్రాయాన్ని అదనపు నివేదికగా కోర్టుకు ఇవ్వొచ్చు.

‘పడిపోయాడు’ అని రాస్తే

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ అయిన ఐ.సి.డి.10లో గాయానికి ఒక కోడ్, గాయం ఎలా అయిందో చెప్పడానికి ఇంకో కోడ్ ఉన్నాయి. చేతులతో, కాళ్ళతో కొడితే వై04. మొద్దు వస్తువుతో దాడి చేస్తే వై00. పదునైన దానితో ఎక్స్99. యాసిడ్ వంటి దానితో ఎక్స్86. పడిపోతే డబ్ల్యూ వరుస కోడ్లు. బండి ప్రమాదమైతే వి వరుస. కావాలని చేశారో ప్రమాదమో తెలియకపోతే వై10 నుంచి వై34 దాకా. పోలీసు చర్యలో తగిలిన గాయాలకు కూడా కోడ్ ఉంది, వై35. లాఠీ దెబ్బ లాంటి వాటికి వై35.3. కులం పేరుతో జరిగిన దాడి అని చెప్పే కోడ్ మాత్రం లేదు.

ఈ రెండో కోడ్ గాయాన్ని చూసి వేసేది కాదు, విని వేసేది. క్యాజువాలిటీలో ‘ఏమైంది?’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబే ఆధారం. ఆ జవాబు ఎవరు చెబుతున్నారన్నదే అసలు సంగతి. దెబ్బలు తిన్న మనిషిని ఆస్పత్రికి తెచ్చింది అతని యజమానో, మేస్త్రీనో, ఊరి పెద్దమనిషో కావచ్చు. ‘బండి మీద నుంచి పడ్డాడు సార్’ అని వాళ్ళే చెప్పేస్తారు. పక్కనే వాళ్ళుండగా అతను నోరు విప్పడు. అలా మొదటి రోజు కాగితంలో ప్రమాదం అని పడితే, మూడో రోజు ధైర్యం చేసి ఇచ్చిన ఫిర్యాదును కోర్టులో ‘తర్వాత అల్లిన కథ’ అంటారు.

అందుకే గాయపడిన మనిషితో డాక్టరు ఒంటరిగా మాట్లాడాలి. అతని మాటలనే రాయాలి. ఎవరు, దేనితో, ఎన్ని గంటలకు, ఎక్కడ కొట్టారన్నది, కులం పేరుతో తిట్టారని చెబితే అది కూడా. అది నిజమా కాదా తేల్చడం డాక్టరు పని కాదు. అతను అప్పుడే, అక్కడే ఆ మాట చెప్పాడన్నది నమోదు చేయడం వరకే ఆయన పని. వెంట వచ్చిన వాళ్ళు చెప్పిందైతే ‘వెంట వచ్చినవారు చెప్పినది’ అని విడిగా రాయాలి.

గాయం లేని గాయం

ముఖం మీద జరిగే దాడుల్లో కొన్నింటికి ఏ గాయం కోడూ సరిపోదు. మీసం గీయించడం, గుండు కొట్టించడం, ముఖానికి నల్లరంగు పూయడం. ఇవి ఎముక విరగ్గొట్టేందుకు చేసేవి కావు. ఊరంతా చూసేలా మనిషిని కిందికి నెట్టడానికి చేసేవి. ఇది శాసనకర్తలకూ తెలుసు. అందుకే అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఇ)లో బలవంతంగా గుండు గీయడం, మీసాలు తీయడం, ముఖానికి గానీ ఒంటికి గానీ రంగు పూయడం పేరు పెట్టి చేర్చారు. పరిహారం పట్టికలో దీనికి లక్ష రూపాయలు ఉంది. దీనికి రక్తం కారాల్సిన అవసరం లేదు.

1996 డిసెంబరు 29న తూర్పు గోదావరి జిల్లా రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో దళిత యువకులను హింసించి, ఇద్దరికి గుండు గీయించి కనుబొమలు తీయించారు. విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు 2024 ఏప్రిల్ 16న తీర్పు చెప్పి, ఒక ఎమ్మెల్సీ సహా దోషులకు 18 నెలల జైలు శిక్ష వేసింది. ఘటనకూ తీర్పుకూ మధ్య 27 ఏళ్ళకు పైగా గడిచాయి. కనుబొమలు నెలల్లోనే మొలిచి ఉంటాయి. అన్నేళ్ళ పాటు నిలవాల్సింది కాగితాలూ సాక్షులూ.

ఇలాంటి వాళ్ళు ఆస్పత్రికి వెళ్తే ‘బాహ్య గాయాలు లేవు’ అని రాసి పంపేయడం తేలిక. డాక్టరు రాయగలిగినవి చాలానే ఉన్నాయి. జుట్టు ఏ మేరకు, ఎంత ఎగుడుదిగుడుగా తీశారు? మిగిలిన వెంట్రుకల పొడవెంత? బ్లేడు గాట్లున్నాయా? చెవుల వెనక, గోళ్ళ సందుల్లో రంగు మిగిలిందా? ఆ రంగును దూదితో తీసి సీలు వేస్తే పోలీసులు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపొచ్చు. రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ ఉన్నది నాంపల్లి పక్కన రెడ్‌హిల్స్‌లోనే. ముఖం కడుక్కున్నాక మాత్రం పంపడానికి ఏమీ మిగలదు.

మన చేతిలో ఉన్నవి

దెబ్బలు తిన్నవాళ్ళతో ఆస్పత్రికి వెళ్ళే కార్యకర్తలకు, బంధువులకు, మిత్రులకు ఉపయోగపడే కొన్ని విషయాలు ఇవి.

1. ముందు వైద్యం. ఎఫ్.ఐ.ఆర్. లేదని వైద్యం ఆపడానికి వీల్లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఇది స్పష్టం చేసింది. యాసిడ్ బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నీ ఉచితంగా వైద్యం చేయాలి. అది యాసిడ్ దాడేనని మొదట చికిత్స చేసిన ఆస్పత్రి సర్టిఫికెట్ ఇవ్వాలని 2015లో లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

2. దాడి అని చెప్పి ఎం.ఎల్.సి. నమోదు చేయించండి. ఎం.ఎల్.సి. నంబరు, తేదీ, సమయం, డాక్టరు పేరు రాసి పెట్టుకోండి.

3. గాయపడిన మనిషినే మాట్లాడనివ్వండి. తెలుగులో, తన మాటల్లో. యజమానులు, పెద్దమనుషులు ఆ సమయంలో పక్కన లేకుండా చూడండి.

4. కుట్లకు ముందు, ముఖం కడగక ముందు ఫోటో తీయించండి. పక్కన స్కేలు పెట్టండి. ముందు నుంచి ఒకటి, రెండు వైపుల నుంచి ఒక్కొక్కటి, దగ్గర నుంచి ఒకటి. ఆ మనిషి ఒప్పుకుంటేనే తీయాలి. ఆ ఫోటో కేసు ఫైలులో ఉండాలి, వాట్సాప్ గ్రూపుల్లో కాదు. అవమానాన్ని మనమే ఊరంతా తిప్పకూడదు.

5. పన్ను కదిలినా, చెవి హోరుమన్నా, చూపు మసకబారినా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా డాక్టరుకు చెప్పండి. రిఫరల్ రాయించుకుని అదే వారంలో వెళ్ళండి. ఆ చీటీలు దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అందించి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

6. రెండు మూడు రోజులకు మళ్ళీ చూపించుకోండి. నొప్పి ఉన్నంత కాలం ఓ.పి. చీటీలు దాచండి. 15 రోజుల లెక్కకు అవే ఆధారం.

7. మచ్చ మిగిలితే కొన్ని నెలల తర్వాత మళ్ళీ పరీక్షించి అభిప్రాయం ఇప్పించాలని దర్యాప్తు అధికారిని కోరండి.

ఇంతా చేశాక కూడా సర్టిఫికెట్‌లో ‘పలు గాయాలు, సాధారణం’ అని వస్తే? దానికీ దారి ఉంది. కొలత ఎందుకు లేదు, దంత అభిప్రాయం ఏమైంది, ఆ కర్రతో ఈ గాయం అవుతుందా అని దర్యాప్తు అధికారి డాక్టరును రాతపూర్వకంగా అడగొచ్చు. అడగమని మనం అర్జీ పెట్టొచ్చు. అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 15ఎ(4) కింద పత్రాలను, సాక్షులను పిలిపించమని బాధితులే ప్రత్యేక కోర్టును కోరవచ్చు. ఆస్పత్రి రిజిస్టరు, ఎక్స్‌రే, డెంటల్ రికార్డు అన్నీ ఇందులోకి వస్తాయి. బెయిలు, శిక్ష వంటి విషయాల్లో తమ మాట వినిపించే హక్కు 15ఎ(5) ఇస్తోంది. అడ్వకేటు ఉన్న బాధితులకు ఛార్జిషీటు పత్రాల కాపీలు ఇవ్వాలని కొత్త నాగరిక సురక్షా సంహిత 230 సెక్షన్ చెబుతోంది. ఆ కాపీ చేతికి రాగానే మొదట తెరవాల్సిన పేజీ వూండ్ సర్టిఫికెట్.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. ప్రతి క్యాజువాలిటీలో ఎం.ఎల్.సి. పుస్తకంతో పాటు ముఖం బొమ్మ అచ్చు వేసిన కాగితం, ఒక స్కేలు, ఒక కెమెరా ఉండాలి. వీటికి పెద్ద ఖర్చు కాదు. ముఖం మీద దెబ్బలున్న కేసులో దంత, కంటి, ఈ.ఎన్.టి. అభిప్రాయాలను ఆస్పత్రులే ఒకదానికొకటి పంపుకోవాలి, బాధితుణ్ణి మోయించకూడదు. కొలత, వైపు, చోటు లేని సర్టిఫికెట్‌ను రికార్డు విభాగం డాక్టరుకు తిప్పి పంపాలి. ఈ తిప్పి పంపే పని ఎలా చేయాలో ఈ నగరంలో వేలమందికి తెలుసు. రోజూ అమెరికా ఆస్పత్రుల కోసం చేస్తూనే ఉన్నారు. వాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. కేసు కాగితాలు చదివే దళిత సంఘాల, న్యాయ సహాయ బృందాల పక్కన వారానికి ఒక్క పూట కూర్చోగలిగితే, ఏ సర్టిఫికెట్‌లో ఏం లేదో పది నిమిషాల్లో పట్టిచ్చేస్తారు. ‘అయ్యా, పొడవు రాయలేదు. ఏ వైపో రాయలేదు’ అని తొలి క్వెరీ రాసేది వాళ్ళే కావచ్చు.